పదహారేళ్ల కూతురు వేసవిలో అంగట్లో పని చేస్తానంటోంది, పంపవచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. 1995లో పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో గాంధీ రోడ్డులో ఒక పుస్తకాల అంగట్లో పనికి చేరాను. ఉదయం 9కి వెళ్తే రాత్రి 9కి కట్టేసేవాళ్లు. నెలకు 300 రూపాయలు. మా నాయన బస్సుల మెకానిక్కు. డ్యూటీ దిగి వచ్చి రోజూ నాలుగు కాళ్ల మండపం దగ్గర సైకిలు పట్టుకుని నిలబడేవాడు. రెండు నెలల్లో ఒక్కసారి కూడా అంగడి మెట్లెక్కలేదు. నేను బయటికి రాగానే "ఏమన్నా తింటివా రా" అని మాత్రం అడిగేవాడు. మొదటి జీతం ఇస్తే దేవుడి పటం ముందు పెట్టి తిరిగి నా చేతికే ఇచ్చాడు. ఇప్పుడు మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసింది. నోటుపుస్తకాల అంగట్లో ఈ వేసవి పని చేస్తానంటోంది. చదువు పాడవుతుందని నా భార్య, మనకేం తక్కువని బంధువులు. నాకేమో ఆ రోజులే కళ్ల ముందు మెదులుతున్నాయి. పంపనా? పంపితే ఏమేం చూసుకోవాలి? నాయనకిప్పుడు 78 ఏళ్లు, మా దగ్గరే ఉన్నాడు. ఆయనలా ఉండటం నాకు చేతనవుతుందా?

సమాధానం: పంపండి. అయితే మీరు చేసిన పద్ధతిలో కాదు. ఆ వేసవి మీకు ఇప్పటికీ తీపిగా ఉందంటే బయట నాయన ఉన్నాడు కాబట్టి. ఆయన్ను పక్కనపెట్టి చూడండి, ఒక పదో తరగతి పిల్లవాడు రోజుకు 12 గంటలు నిలువుకాళ్ల మీద పనిచేసిన వేసవి అది. ఈ రెండింటినీ విడదీయండి. అంగడి పద్ధతిని 1995లోనే వదిలేసి, నాయన పద్ధతిని ఇప్పటికి తెచ్చుకోండి.

ముందు వయసు సంగతి. బాల కార్మికుల చట్టం 1986 నాటిది. 2016లో దాన్ని సవరించి 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నిషేధించారు. బడి అయ్యాక, సెలవుల్లో సొంతింటి వ్యాపారంలో సాయపడటం లాంటి ఒకటి రెండు మినహాయింపులే మిగిలాయి. 14 నిండి 18 నిండని వాళ్లు గనులు, పేలుడు సామగ్రి, మంటలంటుకునే సరుకు, ప్రమాదకరమైన ఫ్యాక్టరీ పనులు తప్ప మిగిలినవి చేయవచ్చు. నోటుపుస్తకాల అంగడి ఆ మిగిలినవాటిలోదే. అదే యజమాని రేపు దీపావళికి టపాసుల కొట్టు పెట్టి పిల్లను రమ్మంటే మాత్రం ఒప్పుకోకండి.

ఈ వయసువాళ్ల పని వేళలకు కూడా అదే చట్టం హద్దులు పెట్టింది. విశ్రాంతితో కలిపి రోజుకు 6 గంటలు మించకూడదు. ఏకబిగిన 3 గంటలు చేశాక కనీసం గంట విరామం ఇవ్వాలి. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయించకూడదు. ఓవర్‌టైం లేదు. ఒకే రోజు రెండు చోట్ల పని కూడదు. వారానికి ఒక పూర్తి రోజు సెలవు. వీటిని గడియారం మీద పెట్టి చూస్తే ఉదయం 10కి వెళ్లి, 1కి అన్నం తిని, 2 నుంచి 4 వరకు చేసి ఇంటికి రావడం. నికరంగా 5 గంటల పని.

ఇక్కడే బేరం బెడిసికొడుతుంది. అంగడికి అసలు గిరాకీ సాయంత్రం 5 తర్వాతే, అప్పుడు మనిషి కావాలంటాడు యజమాని. దానికి మీ అమ్మాయి దగ్గర మంచి జవాబు ఉంది. మే నెలలో నోటుపుస్తకాల అంగట్లో పగటిపూట పని వేరు. కట్టలు విప్పాలి, రకాలవారీగా సర్దాలి, బడులిచ్చిన లిస్టుల ప్రకారం తరగతివారీగా సెట్లు కట్టాలి. జూన్‌లో తల్లిదండ్రులు వచ్చి "ఏడో తరగతి సెట్టు" అనగానే తీసి ఇచ్చేయాలంటే అది మేలో పగలు జరిగిన పనే. "సెట్లు కట్టే పని నాకివ్వండి, 10 నుంచి 4 వరకు వస్తాను" అని తనే అడగాలి. మీరు పక్కన ఉండవచ్చు, మాట మాత్రం తనది కావాలి.

ఇంకో తకరారు చివరి తేదీ దగ్గర. ఇంటర్ కాలేజీలు జూన్ మొదట్లోనే తెరుస్తారు. బడులు రెండో వారంలో. అంటే అంగడికి ఊపిరాడని రోజులూ మీ అమ్మాయి కాలేజీ మొదటి రోజులూ ఒకటే. "ఇంకో పది రోజులు రామ్మా, నువ్వు లేకపోతే కష్టం" అని అడిగి తీరతారు. ఆ మాట ఏ పిల్లకైనా గొప్పగా ఉంటుంది, కాదనలేదు. అందుకే మే 31 చివరి రోజు అని చేరేరోజే చెప్పి రాయించుకోండి. మేలో గంగ జాతర వారం కూడా ఉంటుంది. జాతర రోజుల్లో ఊళ్లో దారులు ఎలా కిక్కిరిసిపోతాయో మీకు చెప్పక్కర్లేదు. ఏ రోజులు రాదో ముందే చెప్పడం మంచిది.

చేరకముందు మీరు ఒకసారి, ఒక్కసారే, అంగడి చూసి రండి. మధ్యాహ్నం 3 గంటలప్పుడు ఒక పెన్ను కొనడానికి వెళ్లినట్టు వెళ్లండి. యజమాని మీతో ఎలా మాట్లాడుతున్నాడన్నది పక్కనపెట్టి, పని చేసే పిల్లలతో ఎలా మాట్లాడుతున్నాడో వినండి. ఆడవాళ్లు ఎవరైనా పని చేస్తున్నారా? మరుగుదొడ్డి ఎక్కడుంది, గొళ్లెం పడుతుందా? చాలా చిన్న అంగళ్లలో ఉండదు, పక్క హోటలుకో లాడ్జికో పంపిస్తారు. దాంతో పిల్లలు నీళ్లు తాగడం మానేస్తారు. తిరుపతి మే ఎండలో అలా వారం గడిస్తే మూత్రంలో మంట, కళ్లు తిరగడం మొదలవుతాయి. మరుగుదొడ్డి లేని అంగడైతే ఇంకో అంగడి వెతుక్కోండి, ఇందులో సర్దుబాటు వద్దు. గోడౌను మేడ మీదుంటే అక్కడికి ఒంటరిగా పంపకూడదని చెప్పండి. చెప్పడానికి మొహమాటపడాల్సిన సంగతి కాదిది.

కూలి విషయంలో "మీకు తోచింది ఇవ్వండి" అనే మాట మీ నోట రాకూడదు. తోచింది ఎప్పుడూ తక్కువే. దుకాణాల పనికి ప్రభుత్వం కనీస వేతనం ప్రకటిస్తుంది. కరువు భత్యం కారణంగా ఏప్రిల్‌లో, అక్టోబరులో ఆ అంకె మారుతుంది. కార్మిక శాఖ కార్యాలయంలో అడిగితే ఇప్పటి రేటు చెబుతారు. ఆ నెల మొత్తాన్ని 26తో భాగించండి, ఒక రోజుది వస్తుంది. దాన్ని 8తో భాగిస్తే గంటది. ఐదు గంటలకు ఎంతో తేలాక బేరానికి కూర్చోండి. నెల జీతం కన్నా వారం వారం తీసుకోవడం మేలు. అయిదారు వారాల పనిలో నెలాఖరు దాకా ఆగితే, ఏదైనా తేడా వచ్చినప్పుడు నెల మొత్తం చిక్కుకుపోతుంది. వారం జీతమైతే పోయినా వారమే.

అడ్వాన్సు మాత్రం రూపాయి కూడా తీసుకోకండి. యజమాని ప్రేమగానే ఇవ్వవచ్చు, "బట్టలు కొనుక్కోమ్మా" అని. డబ్బు తీసుకున్నాక పిల్లకు మానేసే స్వేచ్ఛ పోతుంది. 7 దాటినా ఉండమంటే ఉంటుంది, తిట్టినా పడుతుంది, ఇంట్లో చెప్పదు. పదో తరగతి మెమో ఒరిజినల్ కూడా ఎవరి చేతికీ ఇవ్వవద్దు. ఆధార్ జిరాక్స్ అడిగితే దాని మీద అడ్డంగా "ఫలానా అంగట్లో పని కోసం" అని తేదీ వేసి ఇవ్వండి.

ఒక అర ఠావు కాగితం మీద ఇవన్నీ రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి: పని ఏమిటి, ఎన్నింటి నుంచి ఎన్నింటికి, వారం సెలవు ఏ రోజు, కూలి ఎంత, ఏ రోజున ఇస్తారు, చివరి తేదీ ఏది, కౌంటరులో డబ్బు తక్కువైతే ఎవరిది. 18 నిండని వాళ్లు చేసుకునే ఒప్పందం మన కాంట్రాక్టు చట్టం ముందు చెల్లదు కనుక కింద మీ సంతకం ఉండాలి. కోర్టు కోసమని కాదు, నెల తర్వాత "నేనలా అనలేదే" అన్న మాట రాకుండా ఉండటానికి. చివరి అంశం మరీ ముఖ్యం. మొదటిసారి పనికి వెళ్లిన పిల్లల జీతంలో కోత పడేది ఎక్కువగా గల్లా లెక్క తేడా పేరుతోనే. వీలైతే గల్లాపెట్టె తన చేతికి అప్పగించవద్దని కోరండి. అప్పగిస్తే, కూర్చునేటప్పుడు ఎంత ఉందో లేచేటప్పుడు ఎంత ఉందో యజమాని ముందే లెక్కపెట్టి రాసుకోవాలి.

చిల్లర ఇవ్వడం ఇంట్లోనే నేర్పండి. మూడు సాయంత్రాలు చాలు. మీరు కొనేవాళ్లు, తను అమ్మేది. బిల్లు 347 అయింది, మీరు 500 నోటు ఇచ్చారనుకోండి. తీసివేత లెక్క వేయనివ్వకండి, హడావిడిలో అక్కడే తప్పు పడుతుంది. బిల్లు దగ్గర మొదలుపెట్టి పైకి లెక్కపెట్టించండి. మూడు రూపాయలు పెట్టి "మూడు వందల యాభై", యాభై పెట్టి "నాలుగు వందలు", వంద పెట్టి "అయిదు వందలు". కొనేవాళ్ల చెవిన కూడా పడేలా పైకి అనాలి. ఇంకో అలవాటు: నోటు అందుకోగానే "అయిదు వందలిచ్చారండీ" అని పలకాలి, చిల్లర ఇచ్చేదాకా ఆ నోటును గల్లాలో వేయకుండా బల్ల మీదే ఏదైనా బరువు కింద ఉంచాలి. "నేనిచ్చింది అయిదు వందలమ్మా, రెండు వందలు కాదు" అనే తగువు ఈ ఒక్క అలవాటుతో లేకుండా పోతుంది. ఫోనులో డబ్బు పంపామని తెర చూపించే వాళ్ల విషయంలోనూ అంతే. తెర చూసి సరుకు ఇవ్వకూడదు, అంగట్లోని స్పీకరు పెట్టె పలికాకే ఇవ్వాలి. అది పలకకపోతే యజమాని ఫోనులో చూడమనాలి. తన సొంత నంబరుకు అంగడి డబ్బు ఎప్పుడూ వేయించుకోకూడదు, యజమానే చెప్పినా సరే. తర్వాత ఆ లెక్క తేల్చడం ఎవరి తరమూ కాదు.

సెట్లు కట్టడంలో రెండు తప్పులు అందరూ చేస్తారు. ఒకటి, 100 పేజీల నోటు, 200 పేజీల నోటు అట్ట ఒకేలా ఉండి తారుమారవడం. రెండోది, ఒంటి గీతల నోటుకు బదులు నాలుగు గీతలది పెట్టడం. ప్రతి నోటునూ అట్ట చూసి సరిపెట్టకుండా బొటనవేలితో అంచు తిప్పి లోపలి గీత చూడాలి. దొంతర పేర్చడంలోనూ ఒక కిటుకుంది. కుట్టు ఉన్న వైపు నోటు మందంగా ఉంటుంది. అన్నింటినీ ఒకే వైపుకు పేరిస్తే ఇరవైకల్లా దొంతర ఒరిగి పడుతుంది. అయిదు ఇటు, అయిదు అటు తిప్పి పేరిస్తే నిటారుగా నిలుస్తుంది, కిందినుంచి పైకి మడతలు చూస్తే లెక్కా తెలిసిపోతుంది. మీరు ఆ పనిలో ఉన్నవారే కనుక మీ చేతులకు ఇది ఇప్పటికీ గుర్తుండి ఉండాలి. జ్ఞాపకాలు చెప్పాలనిపిస్తే ఇక్కడ చెప్పండి, పాత నోటుపుస్తకాలు ముందేసుకుని. "మా కాలంలో" అని మొదలుపెట్టి చెప్పే కబుర్ల కన్నా మీ చేయి చూపించే పని ఆ పిల్లకు ఎక్కువ నచ్చుతుంది.

బరువుల సంగతి కచ్చితంగా మాట్లాడండి. ఏ4 కాగితం రీము ఒకటి దాదాపు 2.3 కిలోలు. పది రీముల పెట్టె 23 కిలోలు దాటుతుంది. అది తను ఎత్తే బరువు కాదు. రీములు విడివిడిగా, ఒకసారికి రెండు చొప్పున మోయవచ్చు, అదీ నడుం వంచి కాకుండా మోకాళ్లు వంచి. మొదటి వారం పిక్కలు లాగేస్తాయి. మెత్తటి అడుగున్న చెప్పులు, రాత్రి గోరువెచ్చని నీళ్లలో పాదాలు పెట్టుకోవడం, గిరాకీ లేనప్పుడు కూర్చోవడానికి ఒక స్టూలు, ఈ మూడూ ఉంటే నాలుగో రోజుకు అలవాటవుతుంది. కాగితం అంచుకు వేళ్లు తెగుతాయి, బ్యాగులో రెండు ప్లాస్టర్లు పెట్టండి.

ఇప్పుడు అన్నిటికన్నా ప్రమాదం. "పక్క వీధిలో ఇచ్చిరామ్మా" అని స్కూటరు తాళం చేతిలో పెట్టడం మన ఊళ్లో మామూలైపోయింది. 16 ఏళ్లకు లైసెన్సు వచ్చేది గేర్లు లేని, 50 సీసీ మించని బండికే. ఇప్పుడు రోడ్డు మీదున్న పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ అంతకు పెద్దవి. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి పట్టుబడితే సంరక్షకుడికి లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉంటాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లకు 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు ఇవ్వరు. మీ ఇంటి స్కూటరు అయినా ఇదే. అర ఠావు కాగితంలో "బండి నడపదు" అన్న రెండు మాటలు చేర్చండి.

మీ భార్య భయం కొట్టిపారేయదగ్గది కాదు. రెండో సంవత్సరం ముందుంది, ఎంట్రన్సు ముందుంది. మొదటి ఏడాదిలో ఏదైనా సబ్జెక్టు పోయి మేలో సప్లిమెంటరీ రాయాల్సి ఉంటే ఈ వేసవి పని వద్దు, ఇందులో నేను ఆవిడ పక్షమే. అన్నీ పాసయితే ఉదయం 6 నుంచి 8 వరకు రెండు గంటలు చదువుకని ఒప్పందం చేసుకోండి. పొద్దున్నే అయితేనే. సాయంత్రం అలసిపోయి వచ్చాక పుస్తకం పట్టమంటే ఇద్దరికీ గొడవే మిగులుతుంది. బంధువులకు మాత్రం లెక్కలు చెప్పకండి, "సెలవుల్లో పని నేర్చుకుంటోంది" అంటే చాలు.

జీతం చేతికి కాకుండా ఖాతాలో పడితే మంచిది, రుజువుంటుంది. 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం 10 ఏళ్లు నిండిన మైనర్లు సొంతంగా పొదుపు ఖాతా తెరిచి నడుపుకోవచ్చు, ఎంత వరకు అన్న పరిమితి బ్యాంకు పెడుతుంది. 18 నిండాక కొత్తగా సంతకం నమూనా ఇవ్వాలి. ఒళ్లు వంచి సంపాదించిన డబ్బు కనుక పన్ను లెక్కల్లో అది మీ ఆదాయంలో కలవదు, దాన్ని డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం తల్లిదండ్రుల లెక్కలో కలుస్తుంది. ఖాతా ఉన్నా లేకున్నా ఒక చిన్న నోటుపుస్తకంలో రోజూ ఎన్నింటికి వెళ్లింది, ఎన్నింటికి వచ్చింది రాసుకోమనండి. తేడా వచ్చిన రోజున మాట్లాడేది ఆ పుస్తకమే.

ఇక మీ చివరి ప్రశ్న. మీ నాయన చేసింది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ చాలా కొలిచి చేసిన పని. ఆయన ఇంట్లో కూర్చోలేదు. అలాగని అంగట్లోకి రాలేదు. మధ్యలో, మీరు బయటికి రాగానే కనిపించేంత దూరంలో నిలబడ్డాడు. లోపలికి వచ్చి ఉంటే ఆ అంగట్లో మీరు ఫలానా మెకానిక్కు కొడుకు అయ్యేవారు. రాలేదు కాబట్టి మీ పేరుతో మీరున్నారు. "ఎంత అమ్మితివి, ఎవరేమన్నారు" అని అడగకుండా "తింటివా" అని అడిగాడు. ఆ ప్రశ్నకు తప్పు జవాబు ఉండదు, అందుకే మిగిలినవన్నీ దారిలో మీరే చెప్పి ఉంటారు. మీ అమ్మాయి విషయంలోనూ యజమానికి ఫోను చేసి "ఎలా చేస్తోంది" అని అడగకండి. లెక్క తప్పి మాట పడిందని ఏడుస్తూ వస్తే విని, అన్నం పెట్టి, మర్నాడు తనే వెళ్లనివ్వండి. మొదటి వారంలో ఒక ఏడుపు దాదాపు ఖాయం.

అయితే కొన్ని వేళల్లో ఆ దూరం నిమిషంలో దాటాలి. చేయి వేసినా, వెకిలి మాట అన్నా, 7 దాటినా పంపకపోయినా, ఇంటి పనులకు పిలిచినా, దొంగతనం అంటగట్టినా, రెండు వారాల జీతం ఆపినా మర్నాటి నుంచి పని బంద్. ఇంకో పెద్దమనిషిని వెంటబెట్టుకుని, ఆ కాగితం, ఆ చిన్న నోటుపుస్తకం తీసుకుని వెళ్లండి. జీతం సంగతైతే కార్మిక శాఖ అధికారి దగ్గర ఫిర్యాదు చేయవచ్చు. పిల్లలకు ఏ ఆపదైనా 1098కి చేస్తే పలుకుతారు. ఒంటి మీద చేయి వేసినదైతే యజమానితో పంచాయితీ పెట్టకుండా నేరుగా పోలీసు స్టేషనుకే వెళ్లండి, 18 ఏళ్లలోపు పిల్లలందరికీ 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. ఈ సంగతులు తనకు ముందే విడమరిచి చెప్పండి. "ఇవి జరిగితే నాకు చెప్పాలి, తప్పు నీది కాదు, పని మాన్పించానని నీమీద కోపం ఉండదు" అన్న మాట చేరకముందే తన చెవిన పడాలి. ఇంట్లో చెబితే పని మాన్పిస్తారనే భయంతోనే పిల్లలు చాలా విషయాలు దాచేస్తారు.

మొదటి జీతం దగ్గర నాయన చేసినట్టే చేయండి, ఒక్క మార్పూ అక్కర్లేదు. పటం ముందు పెట్టి తిరిగి తన చేతికే ఇచ్చేయండి. ఎలా ఖర్చుపెట్టాలో చెప్పకండి. అమ్మకు చీర తెస్తే "ఎందుకే అంత ఖర్చు" అనకుండా కట్టుకోమని మీ భార్యకు ముందే చెప్పి ఉంచండి.

78 ఏళ్ల మనిషి ఇంట్లోనే ఉన్నాడంటున్నారు. మొదటి రోజు 4 గంటలకు అమ్మాయిని తీసుకురావడానికి ఆయన్ను కూడా వెంటబెట్టుకు వెళ్లండి. సైకిలు మీద కాదు, ఆటోలో. ఆ వేళకు ఎండ ఇంకా దిగదు, నీళ్ల సీసా, తలకు తువ్వాలు మరవకండి. ఎక్కడ నిలబడాలో ఆయనకు మీరు చెప్పక్కర్లేదు.